నాన్నగారి ఫియట్‌కు నాలుగున్నర లక్షలు: ఎఫ్‌డీ తీయమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, వయసు 46. నాన్నగారు 1986లో కొత్తగా కొన్న ప్రీమియర్ పద్మిని (మేం ఫియట్ అనేది దాన్నే) 2014 నుంచి షెడ్డులోనే ఉంది. ఆయన 2019లో పోయారు. కారు బాగుచేయించాలని ఉంది. విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక మెకానిక్‌ను తీసుకొచ్చి చూపిస్తే మొత్తం నాలుగున్నర లక్షలన్నాడు. నా చేతికొచ్చే జీతం 78 వేలు. ఇంటి లోను ఈఎంఐ 24 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు, సిప్ 5 వేలు పోతాయి. బ్యాంకులో 8 లక్షల ఎఫ్‌డీ ఉంది, అది తప్ప వేరే నిల్వ లేదు. అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎఫ్‌డీ తీయనా, పర్సనల్ లోను తీసుకోనా, చీటీ పాడనా? పాత కార్లకు రేట్లు పెరుగుతున్నాయంటున్నారు, పెట్టుబడి అనుకోవచ్చా? మా ఆవిడ ససేమిరా అంటోంది. బాబేమో ఎర్ర రంగు వేయిద్దామంటున్నాడు.

జవాబు: లెక్చరర్ గారూ, మీ ఆవిడ గారి పక్షాన నిలబడి మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ 8 లక్షల్లో కారు డబ్బు ఒక్క రూపాయి కూడా లేదు. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 64 వేలు. జీతం ఆగినా, ఎవరైనా ఆస్పత్రి పాలైనా ఆరు నెలలు నెట్టుకు రావాలంటే 3 లక్షల 84 వేలు కావాలి. మీకు వేరే నిల్వ లేదన్నారు కాబట్టి ఆ మొత్తం ఎఫ్‌డీలోదే. మిగిలిన 4 లక్షల 16 వేలు అమ్మాయి ఇంజినీరింగుకో మరో చదువుకో, అదీ నాలుగేళ్లలో. కారు పేరు చెప్పి దాంట్లో చెయ్యి పెట్టొద్దు.

పర్సనల్ లోను సంగతి. నాలుగున్నర లక్షలకు 14 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 10,470 రూపాయలు. మీకు నెలకు మిగిలేదే 9 వేలు. మొత్తం కట్టేది 6 లక్షల 28 వేలు దాటుతుంది. అంటే కారు ఇంకా షెడ్డు దాటకముందే లక్షా 78 వేలు వడ్డీకి పోయినట్టు. చీటీ మొదటి నెలల్లో పాడితే అందరూ ఎగబడి పాడతారు, ఐదు లక్షల చీటీకి లక్షో లక్షన్నరో పోగొట్టుకుని తెచ్చుకోవాలి. తర్వాత వాయిదాలు ఎలాగూ తప్పవు. పేరే వేరు, అదీ వడ్డీయే.

పెట్టుబడి అన్న మాటను ఇక్కడే పక్కన పెట్టేద్దాం. పద్మిని లక్షల్లో తయారైన కారు, అరుదైన రోల్స్ రాయిస్ కాదు. ఎవరో ఎక్కడో మంచి ధరకు అమ్మారంటే అది అమ్మిన రోజు లెక్క. దాని మీద పదేళ్లు పెట్టిన ఖర్చు ఆ కబురులో వినపడదు. పన్ను సంగతీ ఒకటుంది. సొంతానికి వాడుకునే కారు అమ్మితే వచ్చే లాభానికి మామూలుగా మూలధన లాభాల పన్ను పడదు. కానీ నిజంగా వాడుకున్నారని చూపించగలగాలి. 1983లో 20 వేలకు కొన్న 1931 నాటి ఫోర్డ్ టూరర్‌ను తర్వాత 21 లక్షలకు అమ్మిన ఒకాయన సొంత వాడకం రుజువు చేయలేకపోయారు. 2025లో బాంబే హైకోర్టు పన్ను కట్టాల్సిందేనంది. కాబట్టి పెట్టుబడి అని దాచిపెట్టుకునే కంటే వారం వారం నడుపుకోవడమే అన్ని విధాలా మేలు.

అయితే కారు మానేయమని నేను చెప్పడం లేదు. నాలుగున్నర లక్షలు ఒక్క గుక్కలో పెట్టొద్దంటున్నాను. మీ మెకానిక్ రాసిచ్చిన అంచనా కాగితం ఫొటో కూడా పంపారు కదా: టింకరింగు, పెయింటింగు లక్షా 80 వేలు, ఇంజిన్ 90 వేలు, బ్రేకులు వైరింగు టైర్లు 80 వేలు, సీట్లు లోపలి పని 60 వేలు, ఇతరత్రా 40 వేలు. ఆ వరసే నాకు నచ్చలేదు. రంగు మొదటి వరసలో ఉంది, బ్రేకులు మూడో వరసలో ఉన్నాయి.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెదనాన్న గారి అంబాసిడర్‌కు ముచ్చటపడి ముందు రంగు వేయించాను. తళతళలాడింది. రెండు వానాకాలాలు గడిచేసరికి రన్నింగ్ బోర్డు దగ్గర పెయింటు ఉబ్బింది. గోకితే కింద బోలెడు లప్పం, దాని కింద రేకే లేదు. తుప్పు కోసేసి కొత్త రేకు అతికి వెల్డింగు చేయాల్సిన చోట లప్పం పూసి ఇచ్చారు. మళ్ళీ కోయించి, మళ్ళీ రంగు. ఒకే పనికి రెండుసార్లు డబ్బు పోసిన ఫైనాన్షియల్ ప్లానర్‌ని నేను. అప్పటి నుంచి జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. పల్చటి గుడ్డ చుట్టి బాడీ మీద జరిపితే మందంగా లప్పం ఉన్న చోట పట్టు వదులుతుంది. మీ కారుకూ డోర్ల అడుగు, చక్రాల పైన వంపులు, ఫ్లోరు మ్యాటు కింద అలా చూడండి. తుప్పు వెల్డింగు రంగుకు ముందే చేయించాలి, అది బండి బలానికి సంబంధించింది. రంగు ఆఖరి మాట. ఈ రెండిటికీ విడివిడిగా రేటు రాయించుకోండి.

ఇంజిన్‌కు 90 వేలన్నది కూడా హెడ్డు (సిలిండర్ల పైమూత) విప్పకుండా, కంప్రెషన్ గేజీ (సిలిండర్లో ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టకుండా చెప్పిన మాట. పన్నెండేళ్లు కదలని ఇంజిన్‌కు ముందు సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో కొంచెం ఇంజిన్ ఆయిలు పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పించండి. స్వేచ్ఛగా తిరిగిందా, అప్పుడు కంప్రెషన్ గేజీ పెట్టించండి. ఏదైనా సిలిండర్ రీడింగు తక్కువొస్తే అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూడమనండి. రీడింగు పెరిగితే అరిగింది రింగులు. పెరగకపోతే వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో లోపం. రీబోరు (సిలిండర్ లోపలి గోడ మళ్ళీ చెక్కించడం), పిస్టన్లు అవసరమా, లేక హెడ్డు దించి వాల్వులు రుద్దించి సర్దేస్తే చాలా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ పరీక్షకయ్యేది కొన్ని వందలు. తేడా వేలల్లో. ఆ 1089 సీసీ ఇంజిన్ సీసం కలిపిన పెట్రోలు కాలం నాటిది. వాల్వు సీట్లు అరగకుండా ఆ సీసం కాపాడేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. టాపెట్ గ్యాపు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) మాటిమాటికీ తగ్గిపోతుంటే వాల్వు సీట్లు అరుగుతున్నట్టు. హెడ్డు ఎలాగూ దించాల్సి వస్తే అప్పుడే లేత్ వర్క్స్‌లో గట్టి వాల్వు సీట్లు వేయించండి. దానికోసమే ప్రత్యేకంగా హెడ్డు దించొద్దు.

ముందు డబ్బు పెట్టాల్సింది ఆగడానికి, అగ్గి అంటుకోకుండా ఉండటానికి. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఇన్నేళ్లు నిలిచిన బండిలో వీల్ సిలిండర్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. రబ్బరు కప్పులు, హోస్ పైపులు, మాస్టర్ సిలిండర్ కిట్టు మార్పించండి. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఇక మీదట రెండేళ్లకోసారి మార్చాల్సిందే. టైర్లకు గాడులు నిండుగా ఉన్నాయని మురిసిపోకండి. పక్కగోడ మీద చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2014 ముందువైతే గాడులు చూడకుండా తీసేయండి.

ఇక పెట్రోలు. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు ఈపాటికి జిగురైపోయి ఉంటుంది. మొత్తం దింపి, ట్యాంకు విప్పి కడిగించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అప్పటి రబ్బరు పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రం, కార్బురేటర్ గ్యాస్కెట్లు దీనికోసం చేసినవి కావు. మెత్తబడి చీలితే వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్యూయల్ హోసులు అడిగి వేయించండి. ఈ మార్పు మొత్తానికయ్యేది కొత్త సీటు కవర్ల ఖర్చులో సగం కూడా కాదు, కానీ కారు తగలబడకుండా చూసేది ఇదే. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కనుక నెలల తరబడి నిలిపే పనైతే ట్యాంకు నింపి ఉంచకండి. మన గుంటూరు మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయి స్టార్టు కాకపోతే కంగారుపడకండి. పైపులో పెట్రోలు ఆవిరైపోయి పంపు లాగలేకపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు నీడలో ఆగితే చాలు. ఆ పది నిమిషాల్లో వచ్చిన రోడ్డు పక్క మెకానిక్ చెప్పే కార్బురేటర్ ఓవరాలింగుకు మాత్రం ఒప్పుకోవద్దు.

రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి, లోపల ఉప్పు పేరుకుంటుంది. కూలెంటు పోయండి. వైరింగు ఎలుకలు కొరికి ఉంటాయి, షెడ్డులో బండికి అది రాసిపెట్టి ఉంది. అతుకులు వేయించకుండా ఫ్యూజులతో సహా కొత్త సెట్టు వేయించండి.

సామాన్లు దొరుకుతాయా అన్న భయం సగం నిజం. బొంబాయి టాక్సీల పుణ్యమా అని పద్మిని సామాను ఇన్నాళ్లూ దొరికింది. 2023 అక్టోబరుతో ఆ టాక్సీలూ రోడ్డు దిగిపోయాయి. అందుకని వాటర్ పంపు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు, అద్దాలు, లైట్ల గ్లాసుల వంటివి మంచివి కనిపిస్తే ఒకటి ఎక్కువ కొని పెట్టుకోండి. రబ్బరు సామాను మాత్రం నిల్వ చేయకండి, బీరువాలో ఉన్నా అది ముసలిదవుతుంది. లేత్ పని, రేడియేటర్ పని, కమాన్ కట్టల పని ఆటోనగర్లో చేసేవాళ్లకు కొదవ లేదు. ఒక్కొక్క పనికి ఒక్కొక్కరి దగ్గర రేటు కనుక్కోండి, మొత్తం గుత్తకు ఒకరికే ఇవ్వకండి. అడ్వాన్సు పని విలువలో మూడో వంతు దాటొద్దు. తీసిన పాత సామాను సంచిలో వేసి ఇవ్వమనండి.

వీటన్నిటికంటే ముందు కాగితాలు. మీరు పంపిన ఆర్‌సీ ప్రకారం 2011లో చేసిన రెన్యువల్ 2016తో అయిపోయింది. యజమాని పోయాక మూడు నెలల్లో ఫారం 31తో వారసుడి పేరుకు మార్పించుకోవాలి, అదీ జరగలేదు. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి సిద్ధం చేసుకోండి. 2025 ఆగస్టు సవరణ ప్రకారం 20 ఏళ్లు దాటిన కారు రెన్యువల్‌కు రుసుము 10 వేలు, అదీ ఐదేళ్లకే. ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనం, గ్రీన్ టాక్సు వేరు. ఆ నెలలు ఎక్కడి నుంచి లెక్కేస్తారో, మొత్తం ఎంత కట్టాలో ఆర్టీవో కార్యాలయంలో కాగితం మీద రాయించుకోకుండా మెకానిక్‌కు అడ్వాన్సు ఇవ్వకండి. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉందిగా అంటారేమో. దానికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, మీ బండికి 2036 దాకా కుదరదు. వచ్చాక కూడా ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీ తిప్పకూడదు. ఆ ఆశ ఉంటే మాత్రం అసలు ఇంజిన్, ఛాసిస్, బాడీ మార్చకండి. డీజిల్ ఇంజిన్ దించి వేస్తానని ఎవరైనా అంటే చెవిన పెట్టొద్దు.

ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకుంటే 1000 నుంచి 1500 సీసీ కార్లకు ప్రీమియం 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. కానీ అది మీ బండికి జరిగిన నష్టానికి పైసా ఇవ్వదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో కార్లు మునిగినప్పుడు ఈ తేడా చాలామందికి అప్పుడే తెలిసింది. పని పూర్తయ్యాక విలువ ఎంతో కంపెనీతో ముందే మాట్లాడుకుని, ఆ అంకె పాలసీలో రాయించుకుని సమగ్ర పాలసీ తీసుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి అంటే, మీకు మిగిలే 9 వేలలో నెలకు 6 వేలు ఆర్‌డీ కట్టండి. ఏడాదికి 72 వేలు, పైన వడ్డీ. మొదటి ఏడాది కాగితాలు, అయస్కాంతం, కంప్రెషన్ పరీక్ష. ఆర్టీవో రుసుము మిగిల్చిన దాన్ని బట్టి రెండో ఏడాది బ్రేకులు, పెట్రోలు లైను, వైరింగు, టైర్లు. తుప్పు వెల్డింగు, ఇంజిన్ పని ఆ తర్వాత. రంగు, సీట్లు నాలుగో ఏడాదో ఐదో ఏడాదో. డీఏ బకాయిలు వస్తే ఒక మెట్టు ముందుకు జరపండి. బండి రోడ్డెక్కాక కూడా ఆ ఆర్‌డీ ఆపొద్దు. ఇన్సూరెన్సు, ఏడాదికోసారి ఆయిలు, బ్యాటరీ, చిల్లర రిపేర్లకు నా లెక్కలో ఏడాదికి 25 నుంచి 30 వేలు పక్కన ఉండాలి. అంత పెట్టలేమనిపిస్తే ఇప్పుడే తుడిచి, గుడ్డ కవరు కప్పి, నాన్నగారి గుర్తుగా ఉంచుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. నడిచే బండైతే పదిహేను రోజులకోసారి మంగళగిరి దాకా వెళ్లి రండి. ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే సైలెన్సర్లో నీరు చేరి తుప్పుపట్టడం తప్ప లాభం లేదు.

బాబు అడిగిన ఎర్ర రంగు గురించి. రంగు మారిస్తే ఆర్టీవోకు తెలిపి ఆర్‌సీలో ఎక్కించాలి, అదొక పని. రంగు వంతు వచ్చేసరికి ఎలాగూ బాబు ఇంటర్‌కో డిగ్రీకో వస్తాడు. అప్పటికీ ఎరుపే కావాలంటాడేమో చూద్దాం. ఈలోగా ఆ అయస్కాంతం పని వాడికి అప్పగించండి.