జవాబు: భీమిలికి బీచ్ రోడ్డులోనే వెళ్లాలంటే

విశాఖ నుంచి అమ్మానాన్నలతో సముద్రం పక్కనుంచే భీమిలి వెళ్లాలనుకుంటే మ్యాప్ మధురవాడ హైవే మీదకి తోసేస్తోందన్నారు కదా, అది దగ్గరి దారి వెతుక్కుంటుందండి. మీరు గమ్యం ఒక్కసారే పెట్టకుండా తెన్నేటి పార్కు, రుషికొండ, తొట్లకొండ, ఆ తర్వాతే భీమిలి అని మ్యాప్‌లో వరసగా స్టాపులు పెట్టండి. విశాఖ బీచ్ రోడ్డు మొదట్లో ఉండే కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలెడితే సముద్రం కుడిచేతి వైపే ఉండాలి, అదే గుర్తు.

దారిలో 2002లో మ్యూజియంగా తెరిచిన కురుసుర సబ్‌మెరైన్ వస్తుంది, లోపల ఇరుకు, వంగి నడవాలి, మోకాళ్ల నొప్పులుంటే బయటనుంచే చూపించండి. దానికన్నా తొట్లకొండే మేలు, కారు పైదాకా వెళ్తుంది, నేవీ సర్వేలో బయటపడ్డ బౌద్ధారామం, రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడొచ్చు. పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కితే అక్కడ నీడ తక్కువ.