టెక్ సందేహాలు: డిస్కులు రెండు, కనిపించే పేరు ఒకటే

ప్రశ్న: రెండు 4 టీబీ డిస్కులను (లైనక్స్ వాటికి ఇచ్చిన పేర్లు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ) కలిపి లైనక్స్‌లో ఒకే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌గా (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో ఒకటి) పెట్టుకున్నాను. ఎస్‌డీసీ పేరుతో మౌంట్ చేసినా (అంటే ఒక ఫోల్డర్‌కు తగిలించినా) మౌంట్ లిస్టులో ఎస్‌డీబీ అనే వస్తోంది. డిస్కుల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొడితే ఎస్‌డీసీ పక్కన మౌంట్ పాయింట్ ఖాళీ. అది వాడుకలో లేనట్టేనా? ఫార్మాట్ చేసి వేరే పనికి పెట్టుకోవచ్చా?

జవాబు: ఫార్మాట్ జోలికి మాత్రం పోకండి. మీ ఫైళ్లు ఆ డిస్కు మీద కూడా ఉంటాయి.

మౌంట్ లిస్టులో లైనుకు ఒక్క డివైస్ పేరుకే చోటు. ఫైల్‌సిస్టమ్ అంటే ఒకే డిస్కు అనుకున్న రోజుల నాటి పట్టిక అది. అందులో రెండు డిస్కుల్ని ఇరికించడంలో ఎవరి పద్ధతి వారిది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ తన డిస్కుల్లో ఏదో ఒకదాని పేరు చెప్పి ఊరుకుంటుంది. మీరు ఏ పేరుతో మౌంట్ చేశారన్నది దానికి పట్టదు. ఇలాంటిదే ఇంకో ఫైల్‌సిస్టమ్ బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అన్ని పేర్లనూ మధ్యలో కోలన్ పెట్టి వరసగా ఇస్తుంది. మరొకటి జెడ్‌ఎఫ్‌ఎస్, అసలు డిస్కు ఊసెత్తదు, పూల్ (డిస్కుల గుంపు) పేరు చెబుతుంది. నన్నడిగితే అదే మేలు, ఇలాంటి అపోహకు తావుండదు.

డిస్కుల్లో చోటు ఎంతో చూపే డీఎఫ్ కమాండ్‌లో మీ లైనే ఒకసారి చూడండి. ఎస్‌డీబీ ఎదురుగా సైజు 7.3 టీ అని ఉందా? 4 టీబీ డిస్కుకు అంత చోటు ఎక్కడిది! అది రెండిటి మొత్తం, 8 టీబీనే 1024 లెక్కలో 7.3 అవుతుంది. (రెయిడ్ 1, అంటే రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా కాపీ ఉండే పద్ధతి పెట్టి ఉంటే సగమే చూపిస్తుంది, అప్పుడు ఈ ఆనవాలు దొరకదు.) ఖాయంగా తెలియాలంటే రూట్‌గా ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ షో’ కొట్టండి. ఏ డిస్కులో ఎంత వాడారో విడివిడిగా వస్తుంది. ఎల్ఎస్‌బీఎల్‌కేకి ఎఫ్ ఆప్షన్ ఇచ్చినా రెండు డిస్కులకూ ఒకే యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) కనిపిస్తుంది.

మౌంటై ఉన్నంతసేపూ ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్‌ఎస్ కమాండ్ ‘ఇది వాడుకలో ఉంది’ అని అడ్డుపడుతుంది. డేటాను నేరుగా డిస్కు మీద రాసే డీడీ కమాండ్‌కి ఆ మొహమాటం లేదు, చెప్పిన డిస్కు మీద చెప్పినట్టు రాసేస్తుంది.

నిజంగానే ఒక డిస్కు కావాలంటే, డేటా అంతా రెండోదానిలో పట్టేలా ఉంటే, ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డివైస్ రిమూవ్’ వాడండి. డేటా గానీ మెటాడేటా (ఫైళ్ల వివరాలు) గానీ రెయిడ్ 1లో ఉంటే మాత్రం రెండు డిస్కుల కంటే తగ్గనివ్వదు, ముందు ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ బ్యాలెన్స్’తో ఒక డిస్కుకు సరిపోయే పద్ధతికి మార్చుకోవాలి. రిమూవ్ కొట్టాక డేటాను అదే తరలిస్తుంది, కాస్త ఓపిక పట్టాలి. తీసింది ఎస్‌డీబీ అయితే లిస్టులో పేరు ఎస్‌డీసీగా మారిపోతుంది. బ్యాకప్ స్క్రిప్టులో ఎక్కడైనా ‘ఎస్‌డీబీ మౌంటైందా’ అని వెతికే లైను ఉంటే ఇప్పుడే దాన్ని యూయూఐడీకి మార్చేయండి.