తిమింగలం తోక ఫొటో

ప్రశ్న: బోస్టన్‌లో తిమింగలాలు చూపించే పడవ ఎక్కబోతున్నాం. మా ఫొటోలు పరిశోధకులకు పనికొస్తాయా?

జవాబు: భేషుగ్గా. హంప్‌బ్యాక్ తిమింగలం తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు, అంచు గాట్లు ఒక్కోదానికి ఒక్కో తీరు. లోతుకు మునిగేముందు తోక పైకెత్తుతుంది, అప్పుడు వెనక నుంచి తీయండి. పక్కనుంచి తీస్తే మచ్చలు కనపడవు. షట్టర్ వేగం సెకనులో 1000వ వంతు కంటే నెమ్మదైతే పడవ ఊపుకి బొమ్మ చెదురుతుంది. కెమెరా గడియారాన్ని అక్కడి సమయానికి మార్చండి (మన టైమే వదిలేసేవాళ్లు బోలెడుమంది!). ఎప్పుడు, ఎక్కడ తీశారో తెలియని ఫొటో ఎంత అందంగా ఉన్నా విలువ సగమే. ‘హ్యాపీవేల్’ సైట్‌లో పెడితే పాత ఫొటోలతో కంప్యూటరే పోల్చి, అది ఏ తిమింగలమో చూస్తుంది.

ఒక్క చిక్కు: పడవలు తిమింగలాలు దొరికే చోటికే పోతాయి. కాబట్టి ఫొటోల్లో పడ్డవాటి లెక్కతో మొత్తం తిమింగలాలు ఎన్నున్నాయో నేరుగా తేల్చలేం. అందుకే ఏమీ కనపడని దారినీ, గంటలనూ కూడా రాసిపెట్టుకోవాలి.