నడక ఒక్కటే చాలదు

ప్రశ్న: నా వయసు 54. నెలసరి ఆగిపోయి ఏడేళ్లయింది. ఈమధ్య ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు మైనస్ 1.9 వచ్చింది. థైరాయిడ్ మాత్రతో పాటే క్యాల్షియం మాత్ర వేసుకుంటున్నాను. రోజూ అరగంట నడుస్తాను. పాలు పడవు. ఎముక విరుగుతుందేమోనని మెట్లెక్కడం మానేశాను. ఇంకేం చేయాలి?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మెట్లు మళ్లీ ఎక్కండి, రెయిలింగ్ పట్టుకునే ఎక్కండి. టి-స్కోరు మైనస్ 2.5కి, అంతకన్నా కిందికి పడిపోతే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అంటాం. మీది దానికి ముందు దశ. ఫిజియోథెరపిస్టుగా నాకు బాధ కలిగించేది ఇదే: రిపోర్టు చూసి భయపడి ఆడవాళ్లు కదలడం తగ్గించేస్తారు. బరువు పడని ఎముక ఇంకా పల్చబడుతుంది.

నడక గుండెకు మంచిది, మానకండి. కానీ ఎముకకు అంతకుమించిన పని కావాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించండి. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతులు మడిచి చాపండి. వారానికి మూడు రోజులు చేసి, తేలికనిపించాక బరువు పెంచండి. నడుము పూర్తిగా వంచి కాలివేళ్లు అందుకునే ఆసనాలు మాత్రం వద్దు, వెన్నుపూసల మీద ఒత్తిడి పడుతుంది. బిందె ఎత్తాలన్నా మోకాళ్లు వంచే ఎత్తండి.

మాత్రల విషయం వెంటనే సరిచేసుకోవాలి. క్యాల్షియం థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, కనీసం నాలుగు గంటల తర్వాత, భోజనంతో పాటు క్యాల్షియం వేసుకోండి. ఎంత మోతాదో మీ డాక్టరునే అడగండి. విటమిన్ డి రక్తపరీక్ష కూడా చేయించుకోండి.

నెలసరి ఆగిన వాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. రాగుల్లో వంద గ్రాములకు దాదాపు 360 ఉంటుంది. కానీ జావలో వేసే పిండి రెండు మూడు చెంచాలే కదా, వంద దాటడం కష్టం. సంగటి తింటే నయం. పాలు పడని చాలామందికి పెరుగు పడుతుంది, చూడండి. పొట్టు తీయని నువ్వుల పొడి, మునగాకు పప్పు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు మంచివి. పాలకూరలో క్యాల్షియం ఉన్నా అందులోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని ఒంటికి అందకుండా పట్టేసుకుంటాయి, లెక్కలోకి తీసుకోకండి. పప్పో గుడ్డో ప్రతిపూటా ఉండాలి, ఎముకకు ప్రొటీనూ కావాలి.

ఉన్నట్టుండి వెన్నులో నొప్పి వచ్చినా, ఎత్తు తగ్గినట్టు అనిపించినా వ్యాయామం ఆపి వెంటనే ఎముకల డాక్టరును కలవండి.