ఏఐ ఏజెంట్ మీ టూల్‌లో లేని ఫ్లాగ్‌లు వాడుతోందా? ముందు హెల్ప్ అవుట్‌పుట్ చూడండి

రీడ్‌మీలో అంతా రాసినా, టెర్మినల్‌లో కమాండ్లు నడిపే మీ ఏఐ ఏజెంట్ డిప్లాయ్ టూల్‌కి అసలు లేని డ్రై రన్ ఫ్లాగ్ (ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపించే ఆప్షన్) ఇస్తోందన్నారు. చాలావరకు అది రీడ్‌మీ తెరవట్లేదు. టెర్మినల్‌లో హెల్ప్ కొట్టి, అక్కడ కనిపించిందే నమ్ముతుంది. మీరు పెట్టిన హెల్ప్ అవుట్‌పుట్‌లో "ఆప్షన్స్" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు, మిగతాది ఊహించేసింది.

1. ప్రతి సబ్‌కమాండ్ (టూల్‌లోని ఒక్కో ఉప కమాండ్) హెల్ప్‌లో ఫ్లాగ్‌లన్నీ, వాటి డిఫాల్ట్‌లు, కాపీ కొట్టి నడపగలిగే ఉదాహరణ ఒకటి పెట్టండి.

2. అందరూ వదిలేసేది ఎర్రర్ మెసేజ్. తప్పు చేశాక ఏజెంట్ చదివే డాక్యుమెంటేషన్ అదే. "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" అని ఊరుకుంటే ఇంకో ఫ్లాగ్ ఊహిస్తుంది. "డ్రై రన్ లేదు, ప్లాన్ సబ్‌కమాండ్ వాడండి" అని రాస్తే సాధారణంగా మరుసటి ప్రయత్నంలోనే దారికొస్తుంది. అన్నట్టు, ఫెయిలైనా ఎగ్జిట్ కోడ్ 0 (అంటే సక్సెస్) వస్తుంటే ముందు అది సరిచేయండి. లేకపోతే పని అయిపోయిందనుకుంటుంది.

3. వై/ఎన్ (అవును/కాదు) ప్రశ్న దగ్గర ఏజెంట్ ఆగిపోతోందా? అడగకుండా నడిచే ఫ్లాగ్ ఇచ్చి, దాని గురించి రెపో రూట్‌లోని ఏజెంట్స్ డాట్ ఎమ్‌డీ ఫైల్‌లో (ఏజెంట్లకు సూచనలు రాసే ఫైల్) రాయండి. ప్రొడక్షన్‌లో (లైవ్ సిస్టమ్‌లో) డిలీట్ చేసే కమాండ్‌కి మాత్రం ఆ ఫ్లాగ్ పెట్టకండి.