దేవుడు చెప్పాడని చంపితే కోర్టు ఒప్పుకుంటుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మేము యూటాలో లీహైలో ఉంటున్నాం. పక్కనే ఉన్న అమెరికన్ ఫోర్క్‌లో 1984లో లాఫర్టీ అన్నదమ్ములు దేవుడి ఆజ్ఞ అని చెప్పి సొంత తమ్ముడి భార్యని, పసిపాపని చంపేశారట, అది విన్నప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. వాళ్ళు మార్మన్లట, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ, మా ఇంటి ఓనర్ కూడా మార్మనే. ఇలాంటివాళ్ళు మతస్వేచ్ఛ అనో, మతి సరిగా లేదనో తప్పించుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఓనర్ సంగతి. సాల్ట్ లేక్ సిటీలో ఆఫీసున్న పెద్ద మార్మన్ చర్చి తన పాత పద్ధతి అయిన బహుభార్యత్వాన్ని 1890లోనే వదిలేసింది, ఇప్పుడు ఎవరన్నా అలా చేస్తే వెలేస్తుంది. రాన్, డాన్ లాఫర్టీలని కూడా హత్యలకి ముందే వెలేశారు. పాత పద్ధతే అసలు మతం అని పట్టుకు వేలాడే చిన్న చిన్న గుంపులు వేరే ఉన్నాయి, ఫండమెంటలిస్టులంటే వాళ్ళు, లాఫర్టీలదీ ఆ దారే. వాళ్ళలో కూడా హింస జోలికి వెళ్ళేది చాలా కొద్దిమంది. కాబట్టి అద్దె టైముకి కట్టండి చాలు, ఓనర్ గురించి భయం వద్దు.

ఇక మతస్వేచ్ఛ అంటారా, అది 1879లోనే తేలిపోయింది. రెనాల్డ్స్ అనే మార్మన్ రెండో పెళ్ళి నా మతధర్మం అంటే అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, నమ్మకం జోలికి చట్టం రాదు గానీ చేసే పనిని ఆపుతుంది అంది. ఆ తీర్పులో నరబలితో పాటు మొగుడి చితి మీద కాలిపోయే భార్య ఉదాహరణ కూడా ఉంది, అంటే మన సతీసహగమనమే, నేను మొదటిసారి చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను.

మతి సంగతే కాస్త చిక్కు. యూటా 1983లోనే పిచ్చి అనే వాదనని బాగా కుదించేసింది, జబ్బు వల్ల చంపే ఉద్దేశమే లేదని తేలితే తప్ప పనికిరాదు, లాఫర్టీలేమో ఎవర్ని చంపాలో కాగితం మీద రాసుకున్నారు! అందులో నలుగురి పేర్లు. రాన్ పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది, ఆమెకి సాయం చేశారని ఇతను ఎవరిమీద రగిలిపోతున్నాడో దేవుడు కూడా సరిగ్గా వాళ్ళ పేర్లే చెప్పాడంట. ఇది దైవవాణో పాత పగో మీరే చెప్పండి.

రాన్‌కి పడిన మరణశిక్ష ఒకసారి పోయింది కూడా. కానీ 1991లో అప్పీల్ కోర్టు కొట్టేసింది దేవుడు చెప్పాడన్నందుకు కాదు, విచారణకి తగిన మానసిక స్థితి ఉందా లేదా అన్నది కింది కోర్టు సరైన కొలతతో చూడలేదని. నేరం చేసినప్పటి మతి వేరు, కోర్టులో నిలబడ్డప్పటి మతి వేరు, చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. 1996లో మళ్ళీ విచారణ, మళ్ళీ మరణశిక్షే. 2019లో జైల్లోనే సహజంగా పోయాడు. డాన్‌కి రెండు యావజ్జీవాలు.

మన ఇండియాలోనూ దాదాపు ఇంతే, రాజ్యాంగం 25వ అధికరణం మొదట్లోనే శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యానికి లోబడి అని ఉంటుంది. మతి వాదనకి పాత ఐపీసీ 84, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 22, చేస్తున్నదేంటో, అది తప్పో కాదో తెలీని స్థితి ఆ క్షణంలో ఉందని నిరూపించుకోవాల్సింది ముద్దాయే.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ కాగితం సంగతి హత్యలకి ముందే కొందరికి తెలుసు, చనిపోయినామె భర్తకి కూడా, ఎవరూ పోలీసులకి చెప్పలేదు. ఫలానా మనిషిని తీసేయమని దేవుడు చెప్పాడు అని ఎవరన్నా మీ ముందు అంటే, మతం విషయం మనకెందుకులే అనుకోకుండా వెంటనే 911కి ఫోన్ చేయండి.