'అయితే' పక్కన కామా పెట్టాలా?

సందేహం: ఇంగ్లీషులో 'ఓ', 'వెల్', 'హవెవర్', 'ఫ్రాంక్లీ' లాంటి మాటలు వాక్యం మొదట్లో వస్తే పక్కన కామా పెట్టాలని మాకు నేర్పారు. మా పాప తెలుగు వ్యాసం దిద్దిన టీచరుగారు 'అయితే', 'కాబట్టి', 'బహుశా' కనిపించిన చోటల్లా కామా చేర్చారు. తెలుగులోనూ అది తప్పనిసరా?

సమాధానం: తప్పనిసరి కాదండీ. ఇంగ్లీషులో ఆ కామాకు గట్టి పనే ఉంది. 'హ్యాపీలీ, హి డిడ్ నాట్ డై' అంటే అదృష్టవశాత్తూ అతను చనిపోలేదని. 'హి డిడ్ నాట్ డై హ్యాపీలీ' అంటే మనిషి పోయాడు, పోయేటప్పుడు సంతోషంగా లేడు. ఒకే మాట రెండు కొలువులు చేస్తోంది కనుక ఎక్కడ ఏ కొలువో దాని చోటూ కామా కలిసి చెప్పాలి. మనకు ఆ ఇబ్బంది లేదు. ఒకచోట 'అదృష్టవశాత్తూ' అంటాం, ఇంకోచోట 'సంతోషంగా' అంటాం. 'ఫ్రాంక్లీ' సంగతీ అంతే. 'నిర్మొహమాటంగా చెప్పాడు' అంటే అతను చెప్పిన తీరు. 'నిర్మొహమాటంగా చెప్పాలంటే' అంటే రాసేవారి సొంత మాట. కామా చేయాల్సిన పని ఆ 'చెప్పాలంటే' చేసేసింది.

తాటాకు గ్రంథాల్లో కామా మాట అటుంచి, పదాల మధ్య ఖాళీ కూడా వదిలేవారు కాదు. కామాలు మనకు అచ్చుతో పాటు వచ్చాయి. అంతకుముందు చదివేవాళ్లు ప్రత్యయాలనూ క్రియారూపాలనూ పట్టుకుని వాక్యం ఎక్కడ విరుగుతుందో పోల్చుకునేవారు. 'అయితే', 'కాబట్టి' రెండూ 'అగు' ధాతువు నుంచి పుట్టినవే. ముందు వాక్యాన్ని తర్వాతి దానికి ముడివేయడమే వాటి పని. ముడి పక్కనే కోత పెట్టడం నాకు నచ్చదు.

'అయ్యో పాపం', 'అబ్బ ఎంత ఎండ!' ఒక్క ఊపిరిలో వచ్చేవి, మధ్యలో కామా గుచ్చకండి. 'అయ్యో! బస్సు వెళ్లిపోయిందే' అన్నప్పుడు ఆశ్చర్యార్థకం చాలు.

కామా మనకూ కావలసింది పిలుపుల దగ్గర. 'అమ్మా నాన్నా వచ్చారు' అంటే ఇద్దరూ వచ్చారు. ఆ దీర్ఘాలే ఇద్దరినీ కలిపాయి. 'అమ్మా, నాన్న వచ్చారు' అంటే పిల్లవాడు గుమ్మంలోంచి అమ్మను కేకేసి చెబుతున్నాడు. ఇక్కడ కామా మానేస్తే చదివేవారు తడబడతారు. 'అవును', 'కాదు', 'వద్దు' తర్వాత కూడా అంతే. 'వద్దురా' అంటే స్నేహితుణ్ణి వారించడం. 'వద్దు, రా' అంటే చేస్తున్నది ఆపి ఇటు రమ్మనడం.

పాప చేత ఆ వ్యాసాన్ని ఒకసారి పైకి చదివించండి. 'బహుశా' దగ్గర తన గొంతు ఆగితే కామా ఉండనివ్వండి. ఆగకపోతే తీసేయమనండి.